చదువు రాదని చెప్పినవాడు

పర్డన్ రెండు రొట్టెలు కొని, వాటిని సంచిలో వేసుకోకుండా చంకలో పెట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. బజారు వీధిలో ఉన్న ప్రతి కన్నూ తన మీద పడేదాకా ఆగాడు.

"మంచి రొట్టె చేస్తావు లూబీ," అన్నాడు, ఎదురు వరస ఇళ్ళలోకి కూడా వినబడేలా. "సోమవారం నుంచి బంగళాకు రోజూ పంపించు. కల్నల్‌గారు చెప్పమన్నారు."

టోపీ అంచు వేలితో తాకి వెళ్ళిపోయాడు.

ఎన్నిక అయిన దగ్గర్నుంచీ కార్నీ లూబీ కొట్టులో రొట్టె కొన్న మొదటి మనిషి అతనే. కల్నల్ పెన్రిత్ ఆస్తికి పర్డన్ పెత్తందారు. ఊళ్ళో సగం ఇళ్ళ కౌళ్ళు అతని చేతిలో ఉన్నాయి. ఈ కొట్టూ, వెనక పెరట్లో ఉన్న రొట్టెల బట్టీ కూడా అందులోవే. మార్చిలో మేరీమాత పండగతో కౌలు గడువు తీరిపోతుంది. తిరిగి రాయాలా వద్దా అన్నది పర్డన్ ఇష్టం.

హొనోరా బల్ల వెనక నిలబడి మొగుడి మొహం చూసింది. అతను చూపు తప్పించి, బల్ల మీద లేని పిండిని చేత్తో తుడవడం మొదలుపెట్టాడు.

"ఏమంటావు?" అంది.

"ఏమనాలి? కొనడానికొచ్చాడు, కొన్నాడు."

"ఊరంతా మనల్ని వెలేసింది. ఈ వీధిలో ఎవరి గడపా తొక్కని మనిషి మన గడపే ఎందుకు తొక్కాడు కార్నీ?"

"ఆకలేసిందేమో."

పొయ్యి పక్కన కూర్చున్న కార్నీ తల్లి జొహానా కర్రతో నేల మీద ఒక పోటు పొడిచింది. నవ్వినా, కోపమొచ్చినా ఆవిడ చేసే పని అదే.

జొహానాకు రాత్‌కీవన్ ఎన్నికలన్నీ కంఠతా వచ్చు. ఈ చిన్న ఊరికి లండన్ పార్లమెంటులో ఒక కుర్చీ ఉంది. మూడు తరాలుగా ఆ కుర్చీ పెన్రిత్‌ల ఇంటి సామాను. పాత రోజుల్లో ఊళ్ళో ఓటున్నవాళ్ళంతా కల్నల్ తాతగారి భోజనాల బల్ల చుట్టూ సరిపోయేవాళ్ళు. తర్వాత చట్టం మారి కొట్లవాళ్ళకు కూడా ఓటొచ్చింది. అసలు సంబరం అప్పుడు మొదలైంది. పోలింగుకు ముందు ఎదుటి పక్షం ఓటర్లని పట్టుకుపోయి, మిల్లు అటక మీద విస్కీ పోసి తాళం వేసేవాళ్ళు. దొరకనివాళ్ళు కోర్టు ముందు చెక్కవేదిక ఎక్కి, తాము కోరిన మనిషి పేరు నలుగురూ వినేలా చెప్పాలి. కల్నల్ పేరు చెబితే ఊరు రాళ్ళు విసిరేది. చెప్పకపోతే పర్డన్ తండ్రి ఇల్లు ఖాళీ చేయించేవాడు. ఏ దెబ్బ తినాలో ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి.

జొహానా మొగుడు రెండో దెబ్బ తిన్నాడు. ఇల్లు పోగొట్టుకుని, ఈ బట్టీ దాకా మళ్ళీ పాక్కుంటూ వచ్చేసరికి తల నెరిసింది.

"మీ మామ వేదికెక్కి పేరు చెప్తే నది అవతల మేస్తున్న ఆవులు తలెత్తి చూశాయే," అంది జొహానా. "ఇప్పుడేముంది, పెట్టెలో కాయితం. అది మింగుతుంది, మాట్లాడదు. ఎవడేం చేశాడో ఎవడికీ తెలీదు."

అదీ నిజమే. కిందటేడు రహస్యపు ఓటు చట్టం వచ్చినప్పుడు రాత్‌కీవన్‌లో చర్చి గంటలు మోగించారు. ఇకనుంచి ఊరి రాళ్ళూ ఉండవు, పర్డన్ నోటీసులూ ఉండవు అనుకున్నారు. కల్నల్ ఓడిపోయాడు, డబ్లిన్ వకీలు ఓమెయరా గెలిచాడు. ఆధిక్యం మాత్రం చేతి వేళ్ళకు మించలేదు. అంటే ఊళ్ళో దాదాపు సగం మంది కల్నల్‌కే వేశారన్నమాట. ఎవరు వాళ్ళు? ఎవరూ చెప్పలేదు. దాంతో ప్రతివాడూ పక్కవాడి మొహంలో వెతకడం మొదలుపెట్టాడు. ఆ వెతుకులాట తిరిగి తిరిగి కార్నీ లూబీ కొట్టు దగ్గర ఆగింది. ఎందుకు ఆగిందో హొనోరాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"నా కొడుకుని పొడిచి పొడిచి అడిగే బదులు మీ తమ్ముణ్ణి అడగరాదూ," అంది జొహానా. "ఓటు గదిలో పొద్దస్తమానం కూర్చున్నది వాడేగా, ఓమెయరా తరఫున."

"తాడీ ప్రమాణం చేశాడు అత్తా. అక్కడ చూసింది, విన్నది బయట చెప్పకూడదు."

"అదే నేనూ అంటున్నా. చెప్పకూడనివాడికి ఎంత సుఖమో."

కార్నీ పెరట్లోకి వెళ్ళిపోయాడు. బట్టీ తలుపు కిర్రుమని చప్పుడైంది. నిన్నటి రొట్టెలు ఇంకా అరల్లోనే ఉన్నాయి. అవి మధ్యాహ్నానికి పందుల దొడ్డికి పోతాయి. ఊరు మొత్తంలో ఏ పక్షమూ లేనివి ఆ పందులే.

హొనోరా బిందె తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళింది.

ఆమె వస్తుంటే అక్కడి మాటలు తెగిపోయాయి. ముగ్గురు ఆడవాళ్ళు తమ బిందెల్లోకి శ్రద్ధగా చూడసాగారు, వాటిలో నీళ్ళు తప్ప ఏమీ లేకపోయినా. హొనోరా పంపు కొట్టింది. బిందె సగం నిండాక కొవ్వొత్తుల కొట్టు నెల్ హేడన్ గొంతు సవరించుకుంది.

"మీ ఆయన శనివారం పేపరు చదవడం మానేశాడేం హొనోరా?"

శనివారం శనివారం కార్నీ కొట్టు గుమ్మంలో నిలబడి పేపరు పైకి చదవడం ఊరికి అలవాటు. రొట్టెతోపాటు వార్తలు కూడా పట్టుకుపోయేవాళ్ళు. లండన్ మంత్రుల మాటలు అతను వాళ్ళ గొంతులతోనే చదివేవాడు. ఎన్నిక తర్వాత పేపరు ముట్టుకోలేదు.

"వినేవాళ్ళు రావడం లేదు నెల్. ఎవరికి చదవాలి?"

"అదా. పాపం చదువు పోయిందేమో అనుకున్నాం."

మిగిలిన ఇద్దరూ నవ్వారు. నెల్ నవ్వలేదు. హొనోరా పంపు వదిలేసింది.

"ఏంటి నీ మాటకి అర్థం?"

"తెలీదా నీకు?" నెల్ ఆమె మొహం పరీక్షగా చూసింది. నిజంగా తెలియదని నమ్మడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. "మావాడు ఆ రోజు ఓటు గదిలో బెంచీ మీద కూర్చున్నాడు, మీ ఆయన వెనకాలే. కార్నీ బల్ల దగ్గరికెళ్ళి ఆ ఎన్నికల అధికారి చెవిలో ఏదో అన్నాడు. వెంటనే బెంచీ మీదవాళ్ళందర్నీ బయటికి పొమ్మన్నారు. తలుపేశారు. ఎవరికి అలా తలుపేస్తారో నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. ఆ సంగతి ఊళ్ళో పసివాళ్ళకు కూడా తెలుసు. చదువురాని ఓటరు కాయితం మీద గుర్తు పెట్టలేడు కనక, మిగతావాళ్ళని బయటికి పంపేస్తారు. లోపల అధికారీ, ఇరుపక్షాల మనుషులిద్దరూ ఉంటారు. ఓటరు చదువు రాదని ప్రమాణం చేసి, తాను కోరిన మనిషి పేరు నోటితో చెబుతాడు. అధికారి గుర్తు పెడతాడు. ఎంత రహస్యపు చట్టమైనా ఆ ఒక్కడి ఓటు మాత్రం మనుషుల చెవిన పడుతుంది.

"కళ్ళజోడు లేకుండా పేపరు గడగడా చదివేవాడికి తలుపెందుకేశారు?" అంది నెల్. "ఎవరికో వినిపించాలని కదూ? ఇవాళ ఆ వినాల్సినవాడే వచ్చి రెండు రొట్టెలు కొనుక్కెళ్ళాడు."

హొనోరా బిందె ఎత్తుకోవడం మరిచిపోయి నడిచింది.

కార్నీ బట్టీలో బూడిద గోకుతున్నాడు. సగం ఒళ్ళు లోపలికి వంచి ఉన్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి, అతను బయటికి వచ్చేదాకా ఆగింది.

"చదువు రాదని చెప్పావా?"

అతను గరిటె గోడకు ఆనించాడు. చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"చెప్పాను."

"ఎవరు చెప్పమన్నారు?"

"పర్డన్. నాకొక్కడికే కాదు, కౌలు తీరిపోతున్న అందరికీ చెప్పాడు. చదువు రాదనండి, పేరు నోటితో చెప్పండి, లోపల మా మనిషి వింటాడు అన్నాడు. మాట విన్నవాళ్ళకి కౌలు తిరగరాస్తానన్నాడు."

"నువ్వు ఒప్పుకున్నావు."

"చదువు రాదని చెప్పడానికి ఒప్పుకున్నాను."

"ఆ తర్వాత ఏ పేరు చెప్పావు?"

పెరటి గోడ అవతల ఎవరిదో కోడి అరిచింది. కార్నీ ఆ అరుపు పూర్తిగా ఆగేదాకా విన్నాడు.

"ఓటు రహస్యం హొనోరా. చట్టం."

"నోటితో చెప్పిన దానికి రహస్యమేంటి? అధికారి విన్నాడు, పర్డన్ మనిషి విన్నాడు, నా తమ్ముడు విన్నాడు. పెళ్ళాం వింటే చట్టానికి చెవుడొస్తుందా?"

"అబద్ధపు ప్రమాణం చేశాను నేను. చదువొచ్చి రాదన్నాను. కల్నల్ కోర్టుకెక్కాడు. వచ్చే నెల జడ్జి ఈ ఊళ్ళోనే కూర్చుని ఒక్కొక్క ఓటూ తవ్వుతాడు. ఈ సంగతి బయటికొస్తే నన్ను తీసుకెళ్ళి లోపల పడేస్తారు. నీకు తెలియకపోతే నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు."

మాట బాగానే ఉంది. మరీ బాగా ఉంది. ముందే పిసికి, పొంగబెట్టి, సిద్ధం చేసుకున్నట్టుంది. హొనోరా కదలకుండా నిలబడింది.

"ఇంకోటి," అన్నాడతను, గరిటె మళ్ళీ అందుకుంటూ. "తాడీ దగ్గరికి వెళ్ళకు."

ఆ ఒక్క మాటతో ఆమె శాలువా అందుకుంది.

తాడీ క్రాటీ జీనుల కొట్టు కోర్టు పక్క సందులో ఉంది. హొనోరాకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక ఆమె చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు ముప్ఫై దాటినవాడు, ఓమెయరా పక్షంలో నలుగురూ మాట వినేవాడు. గుర్రం మెడపట్టీకి తోలు కుడుతున్నాడు. అక్కను చూడగానే సూది ఆపి, సగం తలుపు మూసి వచ్చాడు. ఎందుకొచ్చావని అడగలేదు.

ముందు టీ ఇస్తానన్నాడు. వద్దంది. అత్తగారు ఎలా ఉందన్నాడు. నాలుక బాగుందని చెప్పింది. 

"కార్నీ ఆ గదిలో ఏ పేరు చెప్పాడు తాడీ?"

అతను తల అడ్డంగా ఊపాడు. ప్రమాణం గురించి చెప్పాడు. నోరు జారితే ఆరు నెలలు జైలని చెప్పాడు. అంతకంటే పెద్ద సంగతి కూడా చెప్పాడు. ఓమెయరా మనిషి ప్రమాణం తప్పాడని తెలిస్తే పర్డన్‌కు అంతకు మించిన పండగ లేదు. జడ్జి ముందు అదే పెట్టి గెలుపునే కొట్టేయిస్తాడు. ఆ మాట చేరవేసినవాడికి ఏం అడిగినా, కౌలైనా సరే, ఇస్తాడు.

"ఊరికి చెప్పమనడం లేదురా. నాకు చెప్పు. రాత్రి ఆ మనిషి పక్కన పడుకునేది నేను. ఎవరి పక్కన పడుకుంటున్నానో తెలియాలి కదా."

తాడీ మైనం ముద్ద తీసుకుని దారానికి రాశాడు. ఒకసారి రాసిన దారానికే మళ్ళీ రాశాడు.

"ఓమెయరా," అన్నాడు చివరికి. "గట్టిగా చెప్పాడు. పర్డన్ మనిషి మొహం పిండిలా అయిపోయింది."

హొనోరా పక్కనున్న జీను మీద చెయ్యి ఆనించుకుంది. 

"కార్నీకి చదువొచ్చని నీకు తెలుసు. అప్పుడే ఎందుకు అడ్డు చెప్పలేదు?"

"చెప్పబోయాను. ఈలోగా పేరు చెప్పేశాడు. ఆ పేరు విన్నాక నేనెందుకు అడ్డు చెప్తాను అక్కా?"

"మరి పర్డన్ ఇవాళ మా దగ్గర రొట్టె కొన్నాడేం?"

"జడ్జి వచ్చి వెళ్ళేదాకా వాడు ఎవర్నీ ఇంట్లోంచి గెంటలేడు. గెంటితే ఓటర్లని బెదిరించాడని తేలిపోతుంది. అందుకని ఆ పని ఊరి చేత చేయిస్తున్నాడు. వాడు ఒక్క రొట్టె కొంటే ఊళ్ళో వంద చేతులు వెనక్కి పోతాయి. తేనె పూసి చంపడం అంటే ఇదే."

ఆమెకు అప్పుడు కోపం వచ్చింది. ఆ సంగతి తెలిసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు. ఒక్క మాట, ఫలానావాడు మనవాడేనని ఒక్క మాట జారవిడిస్తే బట్టీ చల్లారేది కాదు. అది అడిగేసింది. తాడీ గొంతు తగ్గించాడు. కార్నీ ప్రమాణం అబద్ధమని బయటపడితే ఆ ఓటు పోతుందన్నాడు. ఆధిక్యం ఉన్నదే అరచేతిలో చిల్లర. ఒకటి లాగితే మిగతావి కూడా లాగుతారు. కుళ్ళిన ఎన్నికలని చెప్పి మొన్ననే పార్లమెంటు రెండు ఊళ్ళ కుర్చీలు తీసేసింది. రాత్‌కీవన్ పేరు కూడా కొట్టేయాలని లండన్‌లో కాచుకుని ఉన్నారు.

"అంటే మీ కుర్చీ కోసం మా పొయ్యి ఆరిపోవాలి."

"జడ్జి వెళ్ళేదాకా ఓర్చుకో అక్కా."

"జడ్జి వెళ్ళేసరికి మేరీమాత పండగొస్తుంది. అప్పుడు పర్డన్‌కి అడ్డేముంది?"

 ఈ మాట ఎక్కడా అననని తాడీ ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. తలుపు తెరిచి, సందు అటూ ఇటూ చూసి, అప్పుడు ఆమెను పంపించాడు.

ఇంటికి నడుస్తూ హొనోరా సంతోషపడాలని చూసింది. తన మొగుడు తండ్రికి తగ్గ కొడుకు. పర్డన్ వేసిన ఎరను పట్టుకుని వాడి చెవిలోనే ఉమ్మేసి వచ్చాడు. ఇది నమ్మాలి. కానీ మీగడలో వెంట్రుకలా ఏదో అడ్డం పడుతోంది. తాడీ అంతసేపు బిగబట్టాడు. తీరా నోరు తెరిచాక, తను వినాలని వచ్చిన మాటే చెప్పాడు. చిన్నప్పుడు కూడా వాడంతే. అక్క ఏడుపు ఆపడానికి ఏం కావాలో అది చెప్పేసేవాడు.

ఆమె ఇల్లు చేరేసరికి కార్నీ చొక్కా చేతులు పైకి మడిచి పిండి పిసుకుతున్నాడు. పెద్ద తొట్టి నిండా పిండి. ఎన్నిక తర్వాత ఆ తొట్టి దించడం ఇదే మొదటిసారి. జొహానా గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. కొడుకును ఏమీ అనకుండా ఉండడం ఆవిడకు కొత్త.

"ఇదంతా ఎవరికి?" అంది హొనోరా.

"బంగళాకి. సోమవారం నుంచి అన్నాడుగా. ఇవాళే చేసి చూపిద్దామని."

"పంపకు కార్నీ."

"కొనేవాడికి అమ్మకూడదు, కొననివాడికి అమ్మలేను. మరి దేనికి ఈ కొట్టు?"

"వాడు నీ మీద ప్రేమతో కొనడం లేదు. ఊరి చేత నిన్ను చంపించడానికి కొంటున్నాడు."

అతని చేతులు పిండిలోనే ఆగాయి.

"నన్ను చంపించాల్సిన పని వాడికేముంది? వాడు చెప్పమన్న పేరే చెప్పాను."

"ఏ పేరు?"

"పెన్రిత్."

శనివారం పేపరు చదివే గొంతుతోనే అన్నాడు. తడబడలేదు, గొంతు పెంచలేదు. గుమ్మంలో జొహానా కర్ర జారి నేల మీద పడింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు.

"అబద్ధం," అంది హొనోరా.

అన్న తర్వాత గానీ ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. కార్నీ తల నెమ్మదిగా పైకెత్తాడు. ఇంత వరకు కళ్ళు తప్పించుకు తిరిగినవాడు ఇప్పుడు రెప్ప వేయకుండా చూశాడు.

"అబద్ధమని నీకెలా తెలుసు?"

"నువ్వు అలా చెప్పే మనిషివి కావు కాబట్టి."

"ఇందాక అడిగినప్పుడు నీకా నమ్మకం లేదే. ఈ గంటలో ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆమె వంగి అత్తగారి కర్ర తీసి గోడకు ఆనించింది.

"ఎవరు చెప్పారు హొనోరా?"

"ఎవరూ చెప్పలేదు."

పదిహేడేళ్ళ కాపురంలో ఆమె అతనికి చెప్పిన అబద్ధాలు లేకపోలేదు. కొన్న గుడ్డ ఖరీదు, విరిగిన పింగాణీ గిన్నె లాంటివి. ఇది ఆ జాతిది కాదు. అతనికి కూడా ఆ సంగతి తెలిసింది. తొట్టిలోంచి చేతులు తీశాడు. గోరు సందుల్లోని పిండి వదిలించుకున్నాడు.

"ఆ గదిలో ఇరువైపుల మనుషులు ఇద్దరు," అన్నాడు. "అందులో ఒకడితో నువ్వు చచ్చినా మాట్లాడవు."

కోటు తొడుక్కున్నాడు. ఎక్కడికని జొహానా అడిగింది. అతను తల్లికి జవాబు చెప్పకుండా ఆవిణ్ణి పక్కకు జరిపి, కొట్టులోంచి వీధిలోకి దిగాడు. హొనోరా వెనకాలే గుమ్మం దాకా పరుగెత్తింది. ఎదురు వరసలో నెల్ హేడన్ తలుపు సందు కాస్త తెరుచుకుంది.

కోర్టు సందు ఎడమవైపు. తాడీ కొట్టు అటు. వెళ్ళి వాడి మెడ పట్టుకుంటాడేమో, రెండు దెబ్బలు వేస్తాడేమో. అంతవరకూ ఆమె భరించగలదు.

కార్నీ పంపు దాకా నడిచాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కుడివైపు తిరిగి, పర్డన్ కౌళ్ళు రాసే కచేరీ మెట్లు ఎక్కాడు.